పేరు చాలదు, ఊరు కావాలి: ఐర్లండ్‌లో పూర్వీకుల్ని వెతికే పద్ధతి

"స్టూడెంట్ టేబుల్లో పేరుని ప్రైమరీ కీగా ఎందుకు పెట్టకూడదు?" డీబీఎంఎస్ మొదటి యూనిట్‌లో మనమందరం రాసిన రెండు మార్కుల ప్రశ్న. ఒకే పేరు ఇద్దరికి ఉండొచ్చు అని ఒక లైను రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఒక్క లైను వెనక ఎంత కథ ఉందో నాకు తెలిసింది మాత్రం ఐర్లండ్ వాళ్ళ పాత రికార్డుల గురించి చదివాక. ఈ వ్యాసం వాటి గురించే.

ముందు, ఐర్లండే ఎందుకు? 1845లో అక్కడ బంగాళాదుంప పంటకి తెగులు సోకింది. పేదవాళ్ళకి తిండి అంటే అదే. తర్వాత ఏడేళ్ళ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1841లో 81 లక్షలు దాటిన జనాభా 1851కి 65 లక్షలకి పడిపోయింది. కరువు తీరినా వలస ఆగలేదు. అలా వెళ్ళినవాళ్ళ మునిమనవలు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల నుంచి ఇప్పుడు వెనక్కి తిరిగి వెతుకుతున్నారు. చాలామంది చేతిలో ఉండేది ఒక పేరు, "ఐర్లండ్ నుంచి వచ్చారట" అనే ఒక మాట. అంతే.

బ్యాకప్ లేని సర్వర్

జనాభా లెక్కలు చూస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఐర్లండ్‌లో 1821 నుంచి పదేళ్ళకోసారి లెక్కలు తీశారు. కానీ 1861, 1871 ఫారాలని మొత్తాలు కూడుకున్నాక ప్రభుత్వమే పారేసింది. 1881, 1891 ఫారాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జుగా మారిపోయాయి. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ పక్కనున్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో భద్రంగా దాచారు. 1922లో అంతర్యుద్ధం అక్కడే మొదలైంది. ఫోర్ కోర్ట్స్‌లో మకాం వేసిన తిరుగుబాటు దళం మీద కొత్త ప్రభుత్వం ఫిరంగులు పేల్చింది. జూన్ 30న పెద్ద పేలుడు జరిగి రికార్డుల భవనం మంటల్లో కాలిపోయింది. కొన్ని వందల ఏళ్ళ కాగితాలు కాలి, ముక్కలు నగరం మీద ఎగిరి పడ్డాయి.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ప్రొటెస్టెంట్ చర్చి (చర్చ్ ఆఫ్ ఐర్లండ్) రిజిస్టర్లు చాలావాటిని "భద్రత కోసం" అదే భవనానికి తెచ్చారు. అవీ పోయాయి. క్యాథలిక్ చర్చిల రిజిస్టర్లు మాత్రం ఎక్కడివక్కడ, ఊళ్ళలో ఫాదర్ల దగ్గరే ఉన్నాయి. అందుకే అవి మిగిలాయి. అన్నీ ఒకేచోట పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ కనపడలేదు.

మిగిలినవి ఏవి?

వెతికేవాళ్ళు ముఖ్యంగా వాడేవి నాలుగు. నాలుగూ ఆన్‌లైన్‌లో ఉచితం.

ఒకటి, 1901, 1911 జనాభా లెక్కలు. ఇంటింటి ఫారాల ఫొటోలతో సహా ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ పెట్టింది.

రెండు, జనన, మరణ, వివాహ రిజిస్టర్లు. క్యాథలిక్కులు కానివాళ్ళ పెళ్ళిళ్ళు 1845 నుంచి, మిగతా అన్నీ 1864 నుంచి ప్రభుత్వం నమోదు చేసింది. వందేళ్ళు దాటిన జననాలు, 75 ఏళ్ళు దాటిన పెళ్ళిళ్ళు, 50 ఏళ్ళు దాటిన మరణాలు ఐరిష్‌జెనియాలజీ అనే ప్రభుత్వ సైట్‌లో చూడొచ్చు.

మూడు, క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు. ఎక్కువగా 1880 దాకా ఉన్నవి నేషనల్ లైబ్రరీ 2015లో బయటపెట్టింది. పేర్లు తరచుగా లాటిన్‌లో ఉంటాయి: జేమ్స్ అక్కడ జాకోబస్, విలియం అక్కడ గులియెల్మస్.

నాలుగు, గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847 నుంచి 1864 మధ్య పన్ను కోసం ఇల్లు, పొలం ఎవరి స్వాధీనంలో ఉన్నాయో ఊరూరా రాసిన లెక్క. కుటుంబ సభ్యుల పేర్లు ఉండవు, కౌలుదారు పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం, విలువ ఉంటాయి. కాలిపోయిన జనాభా లెక్కల ఖాళీని కొంతైనా పూడ్చేది ఇదే.

వీటిలో ఏదీ "భావితరాలు వెతుక్కుంటాయి" అని రాసింది కాదు. ఒకటి పన్ను కోసం, ఒకటి బాప్తిస్మం కోసం, ఒకటి గణాంకాల కోసం. మనం ఇప్పుడు వీటిని కలిపి జాయిన్ చేస్తున్నాం. జాయిన్ అంటే కామన్ కాలమ్ కావాలి. అదేమిటి?

కీ దొరికేది మట్టిలో

ఆ కాలమ్ పేరు టౌన్‌ల్యాండ్. పేరులో టౌన్ ఉంది కానీ ఇది టౌన్ కాదు. హద్దులూ పేరూ ఉన్న చిన్న భూభాగం. కొన్ని పదుల ఎకరాలే ఉండొచ్చు, వేల ఎకరాలూ ఉండొచ్చు. దేశం మొత్తం మీద ఇలాంటివి 60 వేలకి పైనే. జాన్ మర్ఫీలు ఐర్లండ్‌లో లెక్కలేనంత మంది. ఫలానా పారిష్‌లో ఫలానా టౌన్‌ల్యాండ్‌లో జాన్ మర్ఫీ అంటే మాత్రం ఒకరో ఇద్దరో ఉంటారు.

బరాక్ ఒబామా సంగతే చూడండి. ఆయన తల్లి వైపు పూర్వీకుడు ఫాల్మత్ కార్నీ, చెప్పులు కుట్టే ఆయన కొడుకు, 1850లో 19 ఏళ్ళ వయసులో (అంటే మన క్లాసులో కూర్చునే వయసు) ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. అమెరికా వైపు కాగితాలు పట్టుకుని వెనక్కి వెళ్తే ఆఫలీ కౌంటీలోని మనీగాల్ అనే చిన్న ఊరు తేలింది. ఊరు తెలిశాక, ఆ పక్కనే ఉన్న టెంపుల్‌హారీ చర్చి పాత రిజిస్టర్లలో ఆ కుటుంబం దొరికింది. ఇదంతా 2007 నాటి మాట. 2011 మేలో ఒబామా స్వయంగా ఆ ఊరికి వెళ్ళొచ్చారు. అది ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టరు. 1922లో డబ్లిన్‌లో ఉండి ఉంటే ఈ కథ లేదు.

ఇక్కడ ఇంకో చిన్న చిక్కు. పాత కాగితాల్లో ఆఫలీ అని ఉండదు, కింగ్స్ కౌంటీ అని ఉంటుంది. లీష్ అప్పట్లో క్వీన్స్ కౌంటీ. స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు మారాయి. ఇది తెలియకపోతే ఎంత వెతికినా సున్నా రిజల్ట్సే.

పేర్లతో తిప్పలు

మనం కోడ్ రాసేవాళ్ళం కాబట్టి "స్పెల్లింగ్ తేడాలకి సౌండెక్స్ ఉంది కదా" అంటాం. 1918లో అమెరికాలో పేటెంట్ అయిన ఆల్గారిథం అది. మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లులకి అంకెలు ఇస్తుంది. ఐర్లండ్ పేర్ల దగ్గర అది ఎక్కడ చతికిలబడుతుందో చూడండి. ఐరిష్‌లో ఓ అంటే వంశీకుడు, మాక్ అంటే కొడుకు. ఇంగ్లిష్ పాలనలో చాలా కుటుంబాలు ఈ ముందుమాటల్ని వదిలేశాయి, తర్వాత కొందరు మళ్ళీ తగిలించుకున్నారు. అన్న ఓబ్రయన్, తమ్ముడు బ్రయన్ అయ్యే అవకాశం ఉంది. సౌండెక్స్‌లో ఓబ్రయన్ ఓ165, బ్రయన్ బి650. రెండూ కలవనే కలవవు. కవనా అనే ఇంటిపేరుని కొందరు కె తో, కొందరు సి తో రాస్తారు. ఒకటి కె152, ఇంకోటి సి152. మొదటి అక్షరమే మారిపోతే ఆల్గారిథం చేతులెత్తేస్తుంది.

ఆడవాళ్ళ పేర్లు ఇంకా కష్టం. బ్రిజెట్ అనే ఆమె ఒకచోట బిడ్డీ, ఇంకోచోట డీలియా. హొనోరా ఇంకోచోట నోరా. కాబట్టి ఇక్కడ స్ట్రింగ్ మ్యాచింగ్ కన్నా ఊరు, భర్త పేరు, పిల్లల పేర్లు, సాక్షుల పేర్లు అన్నీ కలిసి ఇచ్చే ప్యాటర్న్‌నే నమ్మాలి.

వయసు నమ్మొద్దు

1901లో 55 ఏళ్ళున్న మనిషి 1911లో 65 ఉండాలి. కానీ చాలామంది వయసు పదేళ్ళ కంటే ఎక్కువ పెరిగింది! కారణం సింపుల్. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్ళకి పెన్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. 1864కి ముందు జనన రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పుట్టిన తేదీ చాలామందికి సరిగ్గా తెలియదు. 1839 జనవరి 6 రాత్రి ఒక భయంకరమైన గాలివాన వచ్చింది. "ఆ పెద్ద గాలి రాత్రి నాకు గుర్తుంది" అని చెప్పడం కూడా వయసుకి రుజువుగా చలామణి అయింది. మన పెద్దవాళ్ళు "దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు" అని 1977ని గుర్తుపెట్టుకున్నట్టే.

నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. రుజువు లేని ముసలివాళ్ళు రికార్డ్ ఆఫీసుకి అర్జీ పెట్టుకునేవారు: "మా అమ్మానాన్నల పేర్లు ఇవి, మా టౌన్‌ల్యాండ్ ఇది, 1841 లేదా 1851 లెక్కల్లో నా వయసు ఎంత రాసుందో చూడండి" అని. గుమస్తాలు వెతికి, దొరికినది ఆ అర్జీ ఫారం మీద రాసేవారు. 1922లో అసలు పుస్తకాలు కాలిపోయాయి, ఈ సెర్చ్ ఫారాలు మిగిలాయి. పెన్షన్ కోసం పేదవాళ్ళు అడిగిన ప్రశ్నలే ఆ డేటాబేస్‌లో కొంత భాగాన్ని కాపాడాయి.

ఒక కుటుంబంతో చేసి చూద్దాం

ఇది ఊహించుకున్న కుటుంబం, పద్ధతి మాత్రం నిజమైనది. 1911 ఫారంలో ప్యాట్రిక్ మర్ఫీ (48), భార్య బ్రిజెట్ (44), పిల్లలు మేరీ (17), జాన్ (14), హొనోరా (11), మైకేల్ (8). ఆ ఏడాది ఫారంలో పెళ్ళైన స్త్రీలని కొత్తగా మూడు ప్రశ్నలు అడిగారు: పెళ్ళై ఎన్నేళ్ళు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. బ్రిజెట్ ఎదురుగా 20, 7, 5 అని ఉందనుకుందాం.

ఇంట్లో ఉన్నది నలుగురు. బతికున్నది ఐదుగురు. 1901 ఫారం తీస్తే తొమ్మిదేళ్ళ జేమ్స్ కనిపిస్తాడు. 1911కి అతనికి 19. ఎక్కడో పనిలో ఉన్నాడు, లేదా ఓడెక్కాడు. అమెరికా వెళ్ళుంటే, 1907 తర్వాతి ఓడ జాబితాల్లో స్వదేశంలోని దగ్గరి బంధువు పేరు కూడా రాసేవారు కాబట్టి తండ్రి పేరుతో సరిచూడొచ్చు.

పెళ్ళి 20 ఏళ్ళ కిందట అంటే సుమారు 1891. వివాహ రిజిస్టరులో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. ప్యాట్రిక్ తండ్రి జేమ్స్ అని తేలిందనుకోండి. మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ, కాబట్టి పెద్దకొడుకు పేరు కూడా దీనికి సరిపోయింది. ఆనవాయితీ సూచన మాత్రమే, రుజువు కాదు. రుజువు రిజిస్టరే. ప్యాట్రిక్ పుట్టింది 1863 ప్రాంతం, అంటే ప్రభుత్వ జనన రికార్డు ఉండకపోవచ్చు. అప్పుడు చర్చి రిజిస్టరులో లాటిన్ పేర్లతో వెతకాలి. అది దొరికితే, అదే టౌన్‌ల్యాండ్‌కి గ్రిఫిత్ లెక్క తెరిచి జేమ్స్ మర్ఫీ ఉన్నాడేమో చూడాలి. ఉంటే, కరువు నాటికి ఆ కుటుంబం నిలబడ్డ నేల దాకా మనం చేరినట్టే.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. వంశవృక్షం పైకి వెళ్ళింది కదా అని. కానీ 7 లోంచి 5 తీసేస్తే 2. ఆ ఇద్దరూ? 1901 తర్వాత పుట్టి 1911కి ముందే పోయిన బిడ్డ, లేదా 1895లో పుట్టి 1901 లోపే పోయిన బిడ్డ, రెండు లెక్కల్లోనూ పేరుతో కనిపించరు. ఫారంలో తల్లి ఎదురుగా ఉన్న ఆ అంకె ఒక్కటే వాళ్ళు ఉన్నారని చెబుతుంది. ఇప్పుడు జనన రిజిస్టరు తీయాలి. అందులో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. అదే టౌన్‌ల్యాండ్, అదే తల్లి, 1891 నుంచి 1911 దాకా ఏడాది ఏడాది చూడాలి. తర్వాత మరణ రిజిస్టరు. ఓపిక ఉంటే ఇద్దరి పేర్లూ దొరుకుతాయి.

మన వైపు ఒక తలుపు

ఇంట్లోంచి మాయమైన కొడుకు అమెరికాకే వెళ్ళాలని లేదు. ఈస్టిండియా కంపెనీ ఐర్లండ్‌లో సిపాయిల్ని బాగా చేర్చుకుంది. కంపెనీ మద్రాసు యూరోపియన్ రెజిమెంటే పేర్లు మారుతూ, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో రాసిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌కి పంపేవారు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సొంత ఊళ్ళో జాడ లేని ఐరిష్ కుర్రాడు మన వైపు ఒక కంటోన్మెంట్ ఖనన పట్టికలో కనిపించే అవకాశం ఉంది. మళ్ళీ అదే సూత్రం: నకలు వేరేచోట ఉంటే మనిషి మిగులుతాడు.

ఇదే సూత్రం మీద డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నాయకత్వంలో 2022 జూన్‌లో, పేలుడుకి సరిగ్గా వందేళ్ళకి, వర్చువల్ రికార్డ్ ట్రెజరీ మొదలైంది. 1919లో హెర్బర్ట్ వుడ్ అనే అధికారి ఆ భవనంలో ఏమేం ఉన్నాయో ఒక గైడ్ అచ్చు వేయించాడు. డేటా కాలింది, ఇండెక్స్ మిగిలింది. దాన్ని పట్టుకుని ప్రపంచంలో ఎక్కడెక్కడ నకళ్ళున్నాయో వెతికి, చేతిరాతని చదివే సాఫ్ట్‌వేర్‌తో చదివించి, ఆ గదిని మళ్ళీ నింపుతున్నారు. చరిత్రకారులతో పాటు మనలాంటి కంప్యూటర్ సైన్స్ వాళ్ళూ అందులో పనిచేస్తున్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్నవాళ్ళు ఒకసారి చూడండి.

ఈ వారాంతం ఖాళీ ఉంటే నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో 1911 లెక్కలు తెరిచి ఏదో ఒక కౌంటీ, ఏదో ఒక టౌన్‌ల్యాండ్, ఏదో ఒక ఇల్లు క్లిక్ చేయండి. ఫారం ఫొటోలో తల్లి ఎదురుగా ఉన్న అంకెలు చదవండి. పుట్టినవాళ్ళు, బతికున్నవాళ్ళు సమానంగా లేకపోతే, ఆ తేడా ఎవరో వెతకడం మొదలుపెట్టండి.