నేతకు లెక్క, నేతగానికి మార్కులు

కూలినేతలో గుడ్డను పరీక్షించుట క్రొత్త కాదు. మడత విప్పి, గజము బద్దతో కొలిచి, అంగుళమునకు పేక పోగులు ఎన్ని పడినవో లెక్కించి, అంచు వంకరపోయిన చోటను మరక పడిన చోటను చూపి కూలిలో కొంత పట్టుకొనుట మన తాతలనాటి నుండి ఉన్నదే. దానిమీద తగవులు వచ్చును, తీరును. ఈ పాఠము దానిని గురించి కాదు.

ఒక కుటుంబము తన ఇంట సావుకారు ఇచ్చిన నూలును నేయుచున్నదనుకొందము. ఒప్పందపు కాగితములో ఇంటి పెద్ద "స్వతంత్ర కాంట్రాక్టరు". ప్రావిడెంటు ఫండు లేదు, ఈ.ఎస్.ఐ. లేదు, బోనసు లేదు. అడిగినచో "మీరు మా పనివారు కారు గదా" అని జవాబు. నెల తిరుగగానే ఇంకొక కాగితము వచ్చును. మగ్గము ఎన్ని దినములు ఆగినది, చెప్పినమాట వెంటనే వినెనా, పిలిచినప్పుడు వచ్చెనా, ఇతరుల పని పట్టెనా అని గడులు గీచి మార్కులు వేసియుందురు. మార్కులు తగ్గినచో పడుగు ఆలస్యమగును, లేదా రేటు తగ్గును. క్రింద సంతకము చేయవలెను.

ఈ రెండు కాగితములు ఒకదానితో నొకటి పొసగవు. గుడ్డ ఇట్లుండవలెనని చెప్పి, చేతికి వచ్చిన పిమ్మట ఒప్పుకొనుటయో త్రిప్పి పంపుటయో చేయువాడు సరకు పుచ్చుకొనువాడు. ఎప్పుడు కూర్చుండవలెను, ఎవరికి నేయరాదు అని చెప్పి, వినెనో లేదో వ్రాసికొనువాడు యజమాని. యజమానికి బాధ్యతలును ఉండును.

ఇది మనము కల్పించిన వాదము కాదు. కచ్ఛ్ చిన్న రణ్‌లో ఉప్పు తయారుచేయు అగరియాల సంగతి వినుడు. ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ వారి ఉప్పుమడులలో వారు కుటుంబములతో పనిచేసిరి. పనిగంటలు లేవు, ముస్టరు లేదు. సాయమునకు కూలీలను తామే పెట్టుకొనవచ్చును. కూలి మణుగుల లెక్కన ముట్టెడిది. వీరు స్వతంత్ర కాంట్రాక్టర్లని కంపెనీ వాదించినది. మడి కట్టుట మొదలు ఉప్పు ఎత్తువరకు కంపెనీ అజమాయిషీ ఉన్నది గనుక వారు పనివారే అని సుప్రీంకోర్టు 1956 నవంబరులో తేల్చినది. అక్కడ ముస్టరు లేకయే గెలిచిరి. ఇక్కడ మార్కుల కాగితము ముస్టరు పనియే చేయుచున్నది!

ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు 1973 నాటిది. దర్జీలకు కుట్టిన బట్టకింత అని కూలి, రాని దినమున సెలవు చీటీ అక్కరలేదు, వేరే దుకాణమునకు కుట్టినను అడ్డు లేదు. అయినను వారు ఉద్యోగులే అనిరి. కుట్టు చెడినచో మరల కుట్టించు హక్కు దుకాణముది, మిషనులును దుకాణమువే.

ఈ మిషనుల మాట మనము మరువరాదు. సొంత మగ్గము గలవాని వాదము ఆ మేరకు బలము తగ్గును. నలుగురు సావుకార్లకు నేయువానికి ఇంకను తగ్గును. 1958లో చింతామణ్ రావు కేసులో బీడీలు సరఫరా చేయు సట్టేదార్లు తమ సొంత చోట చేయించియో, ఇతరులకు అప్పగించియో ఇచ్చుచుండిరి గనుక స్వతంత్రులే అని తీర్పు వచ్చినది. కాని 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో, ఇంట కూర్చుండి బీడీలు చుట్టువారికిని ప్రావిడెంటు ఫండు వర్తించునని చెప్పిరి. సోలాపురములో బీడీలు చుట్టు మన ఆడవారు ఎందరో గదా. కోర్టు ఏ ఒక్క గుర్తునో పట్టుకొనదు, అన్నియు కలిపి తూచును. ఆ తూకములో మార్కుల కాగితము నేతగాని తట్టలోనే పడును.

ఈ తీర్పులు పాత చట్టముల క్రింద చెప్పినవి. 2025 నవంబరు 21 నుండి వాటిలో పెక్కింటి స్థానమున కార్మిక కోడులు వచ్చినవి. కావున తగవు పెట్టుకొనుటకు ముందు తెలిసిన వకీలును అడుగుడు.

సావుకార్లలోను మనవారున్నారు. వారును ఇది చదువుదురని ఎరిగియే వ్రాయుచున్నాము. మార్కులే కావలెనన్నచో పనివానిగా ఒప్పుకొని ఫండు కట్టుడు. వద్దన్నచో కాగితములో పొడవు, వెడల్పు, పోగుల లెక్క, బరువు, గడువు మాత్రమే ఉంచి, ఏ లోపమునకు ఎంత కోతయో పడుగు ఇచ్చునాడే వ్రాసి ఇండు.

నేతగాండ్రు చేయవలసినది కొంచెమే. వచ్చిన ప్రతి కాగితమునకు నకలు, రేటు చీటీ, నూలు ఇచ్చిన చీటీ, అన్నియు ఒకచోట దాచుడు. సంతకము తప్పనిచో "కాగితము ముట్టినది, మార్కులకు ఒప్పుకొనలేదు" అని తేదీతో వ్రాసి, దానిక్రింద చేయుడు. చదువు రానివారు ఇంటి పిల్లలచేత ముందు చదివించుకొని, అటుపిమ్మటనే వ్రేలిముద్ర వేయవలెను.