సురభి: బొమ్మలాడించిన చేతులే వేషం కట్టిన వేళ

శంకర్‌పల్లిలో హైదరాబాద్ వైపు రైలెక్కితే దారిలో లింగంపల్లి వస్తుంది. సురభి నాటక కుటుంబాలు స్థిరపడిన కాలనీ ఆ శేరిలింగంపల్లిలోనే ఉంది. పోటీ పరీక్షల అభ్యర్థులు ‘సురభి, 1885, వనారస గోవిందరావు’ అని ఒక్క ముక్కలో బట్టీ పడతారు. బిట్‌కు అది సరిపోతుంది, వ్యాసరూప ప్రశ్నకు చాలదు.

పుట్టుక

సురభి వారి పూర్వీకులు మహారాష్ట్ర నుంచి వలస వచ్చిన ఆరె కుటుంబాలు. తోలుబొమ్మలాట వారి వృత్తి. తెర వెనుక దీపం పెట్టి, బొమ్మలాడిస్తూ, పద్యం పాడుతూ ఊరూరా తిరిగేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ఆ కళాకారులే తెర ముందుకొచ్చి ‘కీచకవధ’ ఆడారు. ఊరి పేరే సమాజం పేరయింది. గొంతు, తాళం, కథ మీద పట్టు అప్పటికే ఉన్నాయి. కొత్తగా చేరింది ముఖానికి రంగు.

కళాకారుల కుటుంబాలు నాటకశాలలు నెలకొల్పడం ఇతర దేశాల్లోనూ ఉంది. సర్కస్ కుటుంబానికి చెందిన ఆస్కార్ కారే 1887లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కట్టించిన కారే థియేటర్ నేటికీ నడుస్తోంది. ఆయనది నది ఒడ్డున పక్కా భవనం. సురభి వారిది మాత్రం ఊరికో చోట రేకులతో వేసి, మళ్లీ విప్పి తీసుకెళ్లే హాలు.

స్త్రీ పాత్రలు

నా దృష్టిలో సురభి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. తెలుగు రంగస్థలం మీద ఆడవేషం మగవాళ్లే కట్టే రోజులవి. సత్యభామగా స్థానం నరసింహారావు పేరు అలా మోగినదే. సురభిలో ఇంటి ఆడవాళ్లే నాయికలయ్యారు. ఆ ఒరవడిలో పెరిగిన సురభి కమలాబాయి 1932లో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించింది. తెలుగు టాకీకి తొలి కథానాయికను ఇచ్చింది నాటక కుటుంబమని జవాబులో తప్పక రాయండి.

రంగస్థల విద్య

‘మాయాబజార్’లో లడ్డూలు తమంత తామే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి వెళ్తాయి. మబ్బుల్లోంచి నారదుడు దిగుతాడు. బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. తీగలు, కప్పీలు, చేత్తో గీసిన తెరలు, లెక్క తప్పని చేతులు తప్ప వెనుక మరేమీ ఉండదు. తర్వాతి కాలంలో బి.వి.కారంత్ వీరితో నాటకాలు చేయించి కొత్త ప్రేక్షకులను తెచ్చారు.

క్షీణత, గుర్తింపు

సినిమా ప్రేక్షకులనే కాదు, ఈ పౌరాణిక మాయలనూ పట్టుకెళ్లింది. పదుల సంఖ్యలో ఉన్న సమాజాల్లో కొన్నే మిగిలాయి. వాటిలో 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ముఖ్యమైనది. దాన్ని నడిపిన సురభి బాబ్జీ (ఆర్.నాగేశ్వరరావు) 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

పొరపడే చోటు

‘ఆంధ్ర నాటక పితామహుడు’ బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆ బిరుదును గోవిందరావుకు ఇచ్చి మార్కు పోగొట్టుకోకండి.

ఈసారి నగరంలో సురభి నాటకం ఆడుతున్నారని తెలిస్తే టికెట్ కొని వెళ్లి చూడండి. ఇంటి పిల్లలనూ తీసుకెళ్లండి.