ఆటగాండ్రు – తాయెత్తులు

నెల్లూరు సీమకు పడమట ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందలి మెట్టపల్లెలలో చెడుగుడు పడుచువారికి మిక్కిలి ప్రియమైన ఆట. కూతకు పోవువాడు ముందుగా వంగి, గీతను తాకి, ఆ వ్రేళ్లను కన్నుల కద్దుకొనును. ఇది నేలతల్లికి వందనము, దీనిని తప్పుపట్టువారెవరు? కాని మణికట్టున నల్లదారము లేనిదే బరిలో అడుగిడనివాడో, గెలిచిననాటి బనీనును ఉతుకనీయక మరునాడును దానినే తొడుగువాడో ఏ జట్టునందైనను ఒకడుండును.

పల్లెటూరి ఆటగాండ్రను చూచి పట్టణవాసులు నవ్వ నక్కరలేదు. భారత క్రికెట్టు జట్టునకు నాయకత్వము వహించిన హైదరాబాదు వాసి మహమ్మదు అజహరుద్దీను మెడలో తాయెత్తుతోనే ఆడెడివాడు. సచిన్ టెండూల్కరు ఎడమకాలి ప్యాడునే ముందుగా కట్టుకొనెడివాడు. ఇంగ్లండు దేశపు అంపైరు డేవిడ్ షెపర్డు పరుగుల లెక్క 111 కాగానే అపశకునమని తలచి ఒంటికాలిపై గెంతెడివాడు. గెలుపోటములతో పనిలేని అంపైరునకును శకునభయము తప్పలేదు!

ఈ నమ్మకము లెట్లు పుట్టును? 1948లో అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నరు ఆకలిగొన్న ఎనిమిది పావురములతో ఒక ప్రయోగమును ప్రకటించెను. అవి ఏమి చేసినను, చేయకున్నను నియమిత కాలమునకు మేత అందునట్లు ఏర్పాటు చేసెను. కొంతసేపటికి ఒకటి గుండ్రముగా తిరుగసాగెను. మరియొకటి తలను పెట్టె మూలకు విసరసాగెను. మేత వచ్చినపుడు తాము చేయుచున్న పనియే దానిని తెచ్చినదని అవి భ్రమించినట్లుండెను. తరువాతి పరిశోధకులు ఈ వ్యాఖ్యానమును కొంత ఆక్షేపించిరి గాని, గెలిచిననాటి బనీను విషయమున ఇది చక్కగా సరిపోవును.

అయినచో ఆటగాండ్రందరును ఒకే తీరున తంతులు జరుపవలెను గదా? జరుపరు. బేస్‌బాలు ఆడి, పిదప మానవశాస్త్రజ్ఞుడైన జార్జి గ్మెల్చి ఈ సంగతిని పరిశీలించెను. బంతిని విసరువారికిని కొట్టువారికిని తంతులు మెండు. మైదానమున బంతిని పట్టువారికి అరుదు. మేటి కొట్టువాడైనను పది పర్యాయములలో ఏడింట విఫలుడగును. పట్టువాడు తప్పుట బహుస్వల్పము. ఫలితము తన స్వాధీనమున లేనిచోటనే ఆటగాడు తాయెత్తును వెదకుచున్నాడు.

తాయెత్తు కొంత ధైర్యము నిచ్చుట నిజమే. ప్యాడును నిత్యము ఒకే వరుసను కట్టుకొనుటచే మనస్సు కుదుటపడును. చిక్కెక్కడ ననగా, దారము తెగిననాడు కూతకు పోయినవాని కాళ్లు తడబడును. ఊపిరి అదియే, కాళ్లు అవియే, నెలల తరబడి చేసిన సాధన ఎక్కడికిని పోలేదు. అయినను వాడు ఓటమిని ముందే ఒప్పుకొని బరిలో దిగును.

సాధనకు పేరుగన్న రాజొకరు ఈ సీమ చరిత్రలోనే కలరు. ఉదయగిరి దుర్గమును 1514లో జయించిన శ్రీకృష్ణదేవరాయల దినచర్యను, విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేసు వర్ణించెను. తెల్లవారకముందే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను ఎత్తి, ఆ నూనె చెమటతో కారిపోవువరకు కత్తిసాము చేసి, పిదప మల్లునితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు స్వారి చేసెడివారట. స్నానమును దేవతార్చనయు ఆ తరువాతనే.