పోటీ పరీక్షల ప్రత్యేకం: ‘క్లోజ్ డౌన్’ ఎప్పుడు వాడాలి?

అర్థం: కర్మాగారం, వ్యాపారం, బడి వంటివాటిని శాశ్వతంగా మూసివేయడం, మూతపడటం. రాత్రి కొట్టు కట్టేయడానికి ‘క్లోజ్’ చాలు.

వాడుక:
* ద ఫ్యాక్టరీ క్లోజ్డ్ డౌన్ – కర్మాగారం మూతపడింది.
* దే క్లోజ్డ్ ఇట్ డౌన్ – దాన్ని మూసేశారు. సర్వనామం నడుమే రావాలి. ‘క్లోజ్డ్ డౌన్ ఇట్’ తప్పు.

తికమక పెట్టేవి:
* క్లోజ్ ఆఫ్ – దారి మూసి రాకపోకలు ఆపడం
* క్లోజ్ ఇన్ – నలువైపులా కమ్ముకురావడం
* షట్ డౌన్ – యంత్రం, కంప్యూటర్ ఆపడానికీ వాడతారు

జీకే కోణం: అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ కర్మాగారాలున్న, కింది సాధనలో కనిపించే హోసూరు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఉంది. ధర్మపురి నుంచి విడదీసి 2004లో ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. ఇక మూసివేత నిబంధనలకు వస్తే, పారిశ్రామిక వివాదాల చట్టం–1947లోని 25–ఓ సెక్షన్ ప్రకారం 100 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారాన్ని మూసేయాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరిగా ఉండేది. పారిశ్రామిక సంబంధాల కోడ్–2020 ఈ పరిమితిని 300కు పెంచింది. యజమాని తాత్కాలికంగా పని ఆపితే అది లాకౌట్. క్లోజ్ డౌన్ కాదు.

సాధన: ద పోలీస్ ––– ద హోసూర్–కృష్ణగిరి రోడ్ ఆఫ్టర్ ది యాక్సిడెంట్.
ఎ) క్లోజ్డ్ ఇన్ బి) క్లోజ్డ్ ఆఫ్ సి) క్లోజ్డ్ ఆన్
జవాబు: బి