మతిమరుపు పెద్దలు: సందేహాలు - సమాధానాలు

సందేహం: మా అత్తకు డెబ్బై ఆరేళ్లు. మధ్యాహ్నం దగ్గరుండి అన్నం పెడతాను. గంట తిరక్కుండా వీధరుగు మీద కూర్చుని "పొద్దుట్నించి మా కోడలు కూడెట్టనేదు" అని వచ్చేపోయేవాళ్లకు చెబుతుంది. సాయంత్రమైతే చీరలు మూటగట్టి "మాయమ్మకాడికి ఎల్లిపోతాను" అంటుంది. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను.
- ఒక కోడలు, రాజాం

సమాధానం: ఆమె అబద్ధమాడడం లేదమ్మా. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి. ఎప్పుడో పోయిన తల్లి గుర్తుంది, ఇందాక తిన్న అన్నం గుర్తులేదు. "ఇప్పుడేగా తిన్నావు" అంటే దబాయిస్తున్నట్టే తోస్తుంది. వాదించకుండా గుప్పెడు మరమరాలు చేతిలో పెట్టండి. మధ్యాహ్నం అన్నమే రెండు విడతలుగా పెట్టినా సరే. "మీ అమ్మ పోయి ఎన్నేళ్లయింది!" అని మాత్రం అనకండి, విన్న ప్రతిసారీ ఆ చావు ఆమెకు కొత్తదే. "మీ అమ్మ ఏం వండేది?" అని అడిగి చూడండి, మాట అటు మళ్లుతుంది. మసక వెలుతురులో బెంగ ఎక్కువవుతుంది కాబట్టి పొద్దుగూకకముందే లైట్లు వేయండి. చింతపండు గింజలు తీసే పనేదో ఒళ్లో పెట్టండి. సరిగ్గా తీసిందా లేదా అని చూడొద్దు.

ఇరుగుపొరుగును పిలిచి ఇది జబ్బని చెప్పండి. దాచినంతకాలం గయ్యాళి కోడలు మీరే. అన్నట్టు, రెండు పేజీల ఉత్తరంలో మీ ఆయన ఊసే లేదు. ఆమె కన్నది ఆయన్ని. సాయంత్రాలు తల్లి దగ్గర ఆయన్ని కూర్చోమనండి.

సందేహం: మా నాన్న ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పాలకొండలో దిగిపోయారు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. నిద్రమాత్ర వేస్తే ఇంటిపట్టున ఉంటారని బంధువులంటున్నారు.

సమాధానం: వద్దు. ఆ మాత్రలతో మత్తుగా తూలి పడతారు, తికమక ఇంకా పెరుగుతుంది. ముందు డాక్టరుకు చూపించి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గడం మామూలే. ఈమధ్య తలకు దెబ్బ తగిలిందా, దిగులుగా ఉంటున్నారా, చెవి సరిగ్గా వినపడుతుందా అన్నదీ చూడాలి. వీటిలో కొన్నింటికి వైద్యం చేస్తే మతిమరుపు తగ్గుతుంది. అల్జీమర్స్ అయితే నయంచేసే మందు లేదు, డోనెపెజిల్ లాంటివి కొందరికి కొంతకాలం ఊతమిస్తాయి.

చొక్కా జేబుకు లోపలివైపు మీ ఫోన్ నంబరు కుట్టించండి. వీధి చివర టీకొట్టుకూ, ఆటోస్టాండుకూ, బస్సు కాంప్లెక్స్‌లో కంట్రోలరుకూ ఆయన ఫోటో చూపించి చెప్పి ఉంచండి. తాళం వేసి బయటికెళ్లకండి, నిప్పంటుకుంటే ఆయన బయటపడలేరు. సలహాకు కేంద్రం నడిపే ఎల్డర్‌లైన్ 14567, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే, రెండోది మీకూ పనికొస్తుంది.

సందేహం: పజిల్స్ నింపితే ఈ జబ్బు రాదంటారు, నిజమేనా?

సమాధానం: అంత సులువైతే బాగుండు! బీపీ, షుగరు అదుపు, పొగ మానడం, వినికిడి తగ్గితే మిషను పెట్టుకోవడం అంతకంటే ముఖ్యం. ఇంకో సంగతి, హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ మాట్లాడేవాళ్లు, మనవలతో రెండో భాష మానేయకండి.