ఔను, కాదుల నడుమ

పాఠ్యభాగ ఉద్దేశం

రుజువు కానిదానికీ అబద్ధానికీ గల భేదాన్ని, ఆ భేదాన్ని గుర్తించిన తర్కపద్ధతులను పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఏ వాక్యమైనా నిజం కావాలి, లేదా అబద్ధం కావాలి. మూడో దారి లేదు. పాశ్చాత్య తర్కానికి ఈ నియమం చిరకాలంగా పునాది. నిత్యజీవితంలో మనమూ దీనినే అనుసరిస్తాం. అయితే ఈ పునాది అన్ని చోట్లా నిలుస్తుందా అని ప్రశ్నించినవారు అనేకులు ఉన్నారు.

హనుమకొండలోని పద్మాక్షి గుట్టమీద జైన తీర్థంకరుల శిల్పాలు నేటికీ కనిపిస్తాయి. అక్కడ జైన బసది ఉండేదని 1117 నాటి శాసనం తెలుపుతున్నది. ఆ జైనుల తత్త్వచింతనలో ముఖ్యమైనది స్యాద్వాదం. ‘స్యాత్’ అంటే ‘ఒక దృష్టితో చూస్తే’ అని అర్థం. ఒక దృష్టితో వస్తువు ఉంది. మరొక దృష్టితో లేదు. ఇంకొక దృష్టితో అది అవక్తవ్యం. ఈ మూడింటి కలయికలతో మొత్తం ఏడు విధాల వాక్యాలు ఏర్పడతాయి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1954లోనూ, జీవశాస్త్రవేత్త హాల్డేన్ 1957లోనూ ఈ వాదాన్ని ఆధునిక విజ్ఞానంతో పోల్చి వ్యాసాలు రాశారు.

ఐరోపాలో ఈ ప్రశ్న గణితం నుండి పుట్టింది. 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమని గోల్డ్‌బాక్ ఊహ. 10 అంటే 3, 7ల మొత్తం. 28 అంటే 5, 23ల మొత్తం. 1742 నాటి ఈ ఊహను కంప్యూటర్లతో 4 పక్కన పద్దెనిమిది సున్నాలు గల సంఖ్య వరకు పరీక్షించారు. ఎక్కడా తప్పలేదు. అయినా అది రుజువు కాదు. ఎంత దూరం నడిచినా సంఖ్యలకు అంతం లేదు కదా! మరి ఈ ఊహ నిజమా, అబద్ధమా? రెండింటిలో ఏదో ఒకటి ఇప్పటికే అయి ఉంటుందని చాలామంది భావిస్తారు. డచ్చి గణితజ్ఞుడు బ్రౌవర్ 1908లో ఈ ధీమానే ప్రశ్నించాడు. గణిత సత్యం ఎక్కడో గుట్టలా నిలిచి మన రాకకై వేచి ఉండదని, అది మనస్సు చేసే నిర్మాణమని ఆయన మతం. రుజువు గానీ, ఖండన గానీ చేతికి రానిదే ‘ఇది గానీ, అది గానీ నిజం’ అనే హక్కు మనకు లేదన్నాడు.

పోలండు తర్కవేత్త వుకషేవిచ్ మరో మార్గం తొక్కాడు. ‘రేపు భద్రకాళి చెరువుమీద వాన కురుస్తుంది’ అనే వాక్యాన్ని తీసుకుందాం. అది నేడు నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఇటువంటి వాక్యాలకు ఆయన 1920లో మూడో విలువను కల్పించాడు.

స్యాద్వాదం, బ్రౌవర్ వాదం, వుకషేవిచ్ తర్కం ఒకటే అనుకోరాదు. మొదటిది దృష్టిభేదాన్ని, రెండోది రుజువును, మూడోది భవిష్యత్తు అనిశ్చయాన్ని ఆశ్రయించాయి. మన పూర్వులే అన్నీ చెప్పారనడం ఎంత తొందరపాటో, వారు ఏమీ చెప్పలేదనడమూ అంతే తొందరపాటు.

ఈ రంగంలో తెలుగునేల పాత్ర కూడా ఉంది. రెండు విలువల తర్కానికి బీజగణిత రూపం బూలియన్ బీజగణితం. దీనినీ, సంఖ్యల కూడికతో పాటు హెచ్చుతగ్గుల క్రమం కూడా గల సమూహాలనూ ఒకే గొడుగు కిందికి తేగలమా అన్నది ఒక ప్రసిద్ధ ప్రశ్న. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి కె.ఎల్.ఎన్. స్వామి 1965లో ఒక జర్మన్ గణిత పత్రికలో ప్రకటించిన వ్యాసాలలో అటువంటి ఉమ్మడి నిర్మాణాన్ని చూపారు. వుకషేవిచ్ తర్కపు బీజగణితం కూడా ఆ నిర్మాణంలో ఇమిడిపోతుందని చెక్ గణితజ్ఞుడు రాఖూనెక్ 1998లో నిరూపించాడు. వాల్తేరులో వేసిన బాట వార్సా బాటతో ఆ విధంగా కలిసింది.

ఈ చర్చ పండితులకే పరిమితం కాదు. కంప్యూటర్ పట్టికలలో సమాచారాన్ని వెదికే ఎస్‌క్యూఎల్ భాషలో నిజం, అబద్ధం, ‘తెలియదు’ అనే మూడు విలువలు ఉన్నాయి. ఒక పేదరాలి వివరాలు రేషను పట్టికలో ఖాళీగా ఉన్నాయనుకుందాం. ఆ ఖాళీని ‘తెలియదు’ అని చదివితే అధికారి విచారిస్తాడు. ‘అర్హత లేదు’ అని చదివితే ఆమె బియ్యం ఆగిపోతుంది. కనబడలేదనడం వేరు, లేదనడం వేరు. తెలియనిచోట తెలియదని చెప్పడం అజ్ఞానం కాదు. అన్వేషణకు అదే తొలిమెట్టు.

పదాలు – అర్థాలు

అవక్తవ్యం : మాటలతో చెప్పడానికి వీలుకానిది
బసది : జైన దేవాలయం
ప్రధాన సంఖ్య : 1తోనూ, తనతోనూ మాత్రమే నిశ్శేషంగా భాగింపబడే, 1 కంటే పెద్ద సంఖ్య
ఖండన : తప్పని నిరూపించడం

ప్రశ్నలు

1. స్యాద్వాదాన్ని వివరించండి.
2. గోల్డ్‌బాక్ ఊహ ఆధారంగా బ్రౌవర్ వాదాన్ని సమర్థించండి లేదా విమర్శించండి.
3. ‘కనబడలేదనడం వేరు, లేదనడం వేరు’ – ఈ వాక్యాన్ని మీ అనుభవంలోని ఒక ఉదాహరణతో వివరించండి.