ఎడమ లివర్ మొరాయిస్తే

ప్రశ్న: కడెం ఆయకట్టులో వరి వేస్తాం. మా పాత పవర్ టిల్లర్ ఎడమ లివర్ గట్టిగా నొక్కితేగాని తిరగదు. వదిలాక కాసేపు టకటకమంటుంది. గేర్‌బాక్స్ విప్పించాలా?
– ఓ రైతు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా

జవాబు: అప్పుడే వద్దు. నాకు గేర్‌బాక్స్ కన్నా లివర్ తీగ మీదే అనుమానం. దమ్ము బురద తొడుగులోకి దిగి ఎండితే తీగ పట్టేస్తుంది. లివర్ వదిలినా స్టీరింగ్ క్లచ్ పళ్లు పూర్తిగా కలవవు, ఆ చప్పుడు అదే. ఇలాగే నడిపితే పళ్ల అంచులు అరిగిపోతాయి, అప్పుడు ఖర్చు తప్పదు.

తీగ ఊడదీసి కడిగి నూనె పట్టించండి, బాగా తుప్పు పడితే మార్చేయండి. గేర్‌బాక్స్ పక్కన తీగ లాగే చిన్న చెయ్యి తుప్పు వదిలి స్ప్రింగ్‌తో చటుక్కున వెనక్కి రావాలి. తర్వాత తీగ లాక్‌నట్ వదులు చేసి, లివర్ దగ్గర కొద్దిపాటి ఆట మిగిలేలా బిగించండి. చాలామంది ఆ ఆట లేకుండా లాగేస్తారు, పళ్లు జారడం అక్కడే మొదలవుతుంది.

ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, ఎడమ చక్రం కింద దిమ్మె పెట్టి లేపండి. లివర్ నొక్కితే చక్రం చేత్తో సులువుగా తిరగాలి, వదిలితే బిగుసుకోవాలి. అలా జరగకపోతేనే మెకానిక్‌ను పిలవండి. గేరాయిల్ పాలలా తెల్లబడితే సీలు పోయి నీళ్లు దిగినట్టే.

ఒక్క జాగ్రత్త: ఏటవాలు గట్టు దిగేటప్పుడు ఎడమ లివర్ నొక్కితే బండి కుడికి తిరుగుతుంది, ఎందుకంటే పట్టు వదిలిన చక్రమే ముందుకు పరిగెడుతుంది. అక్కడ లివర్ల జోలికి పోకుండా, మొదటి గేరులో హ్యాండిల్‌తోనే మళ్లించండి.